సారు వాళ్ళ మమ్మీ

మొన్న మా మనవరాలు బడి నుంచి వస్తూనే సంచి కూడా దించకుండా, "నానమ్మా, మనింట్లో రాళ్ళ ఉప్పుందా? తినే సోడా ఉందా? ఒక యాపిల్ పండు కూడా కావాలి" అంది. పచ్చడి పెట్టే ఈడు కాదు కదా, ఎందుకే అని అడిగితే "మమ్మీని చేయాలి" అంది. వాళ్ళ తరగతిలో ఈజిప్టు పాఠం నడుస్తోందట. యాపిల్‌కి కళ్ళూ ముక్కూ చెక్కి, ఉప్పూ సోడా కలిపి అందులో పాతిపెడితే కుళ్ళకుండా ఎండిపోతుందట. ఉప్పు డబ్బా తీసి ఇచ్చాను. ఇచ్చి, వంటగట్టు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. కోడలు చూసి, "ఏమైంది అత్తమ్మా, బీపీ గోలీ వేసుకున్నరా?" అని అడిగింది. బీపీ కాదు. సిగ్గు. ఇన్నేళ్ళ తరువాత, ఎవరూ చూడని వంటింట్లో, చెవులు వేడెక్కేంత సిగ్గు.

మా ఇంట్లో కిరాయికున్న సారు గుర్తొచ్చాడు. ఆయన పేరు రాయను. ఎక్కడున్నాడో తెలియదు. ఎక్కడున్నా ఆ ఆదివారం పొద్దుటి సంగతి ఎవరో పేరు పెట్టి చెప్పుకోవడం ఆయనకు ఇష్టముండదు.

తొంభైల చివరి మాట. మాదాపూర్ గుట్టల మీద గుండ్రటి అద్దాల భవనం లేచింది. దాని చుట్టుపక్కల ఇంకా లేవబోయేవాటికి బండలు పగలగొడుతున్నారు. కొండాపూర్‌లో మాది పాత ఇల్లు. మా అత్తమ్మ చేను అమ్మి వాకిలికి అటూ ఇటూ రెండు పోర్షన్లు వేయించింది. మా ఆయన ప్లాట్ల బేరాల్లో పడి తెల్లారితే స్కూటర్ ఎక్కేవాడు కాబట్టి ఇంట్లో రాజ్యమంతా ఆవిడదే. బోరు ఆవిడది, గేటు ఆవిడది, గేటు బయట పెట్టించిన నల్లా కూడా ఆవిడదే.

పెళ్ళికాని మగవాళ్ళకి గది ఇవ్వకూడదని ఆవిడ నియమం. సారు గది కోసం వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా, గుండీలన్నీ మెడదాకా పెట్టుకున్నాడు. చెప్పులు గేటు బయటే విడిచాడు. పక్క వీధిలో కొత్తగా పెట్టిన ఇంగ్లీషు మీడియం బడిలో సోషల్ చెబుతానన్నాడు.

"ఒక్కనివేనా?" అంది అత్తమ్మ.

"లేదండి, మా మదర్ కూడా ఉంటారండి. ఊళ్ళో కొంచెం పనులున్నాయండి, అవి కాగానే వచ్చేస్తారండి."

మా ఇళ్ళల్లో ఎవరూ తల్లిని మదర్ అనరు. అమ్మ వస్తది, అవ్వ వస్తది అంటాం, వచ్చేస్తారండి అనం. పోనీ ఆయనది కోస్తా మాటా అంటే అదీ కాదు. ఆ మాట కొత్తగా కొన్న బట్టలా ఉంది, ఇంకా గంజి వదల్లేదు. నాకు వెంటనే తేడా తెలిసింది గానీ అత్తమ్మ మాత్రం ఆ అండీలకు పడిపోయింది. "కన్నతల్లిని అంత ఇజ్జత్‌గ పిలుస్తుండు, మంచి పిలగాడు" అని తాళంచెవి చేతిలో పెట్టేసింది.

అలా మదర్ పేరు చెప్పుకుని సారు మా ఇంట్లో చేరాడు. మదర్ మాత్రం రాలేదు. దసరాకి వస్తారన్నాడు, రాలేదు. కోతలన్నాడు. కోతలయ్యాక మోకాళ్ళ నొప్పులన్నాడు, ఆ తరువాత కంటి ఆపరేషన్ అన్నాడు. ఆమెకి ఒక్కొక్క రోగమే అంటగట్టుకుంటూ పోతున్నాడని నేను మా ఆయనతో నవ్వుతూ అనేదాన్ని. అత్తమ్మ కూడా అప్పుడప్పుడూ అడిగేది, ఆయన చెప్పింది నమ్మేది.

సారు ఎలాంటివాడో చెప్పాలంటే ముందు ఆయన గొంతు సవరింపు గురించి చెప్పాలి. మామూలుగా పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడేవాడు. ఉత్సాహం వచ్చిందంటే మాట పాలమూరు దిక్కు జారిపోయేది. "గా రాజు సచ్చిపోతే ఏం జేసిండ్రో ఎర్కనా..." అని మొదలుపెట్టి, ఠక్కున ఆగి, గొంతు సవరించుకుని, "ఆ రాజుగారు చనిపోతే ఏం చేశారో తెలుసాండి" అని మళ్ళీ మొదటి నుంచి చెప్పేవాడు. నేను వంటింట్లో అచ్చంగా అలాగే గొంతు సవరించి అత్తమ్మని నవ్వించేదాన్ని. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేది.

ఆయనకి చరిత్రంటే పిచ్చి. నేను బట్టలు ఆరేస్తుంటే తన గడపలో నిలబడి, "ఒక్కసారి ఊహించుకోండి మేడం" అనేవాడు. నేను ఇంటర్ తప్పి పెళ్ళి చేసుకున్నదాన్ని, నన్ను మేడం అన్నవాడు ఈ భూమ్మీద ఆయనొక్కడే. ఒక్కసారి ఊహించుకోండి మేడం, కొండంత రాతిగోరీ. క్రేన్లు లేవు, లారీలు లేవు. ఒక్కొక్క బండ మనుషులే లాగారు. ఆ రాజు పేరు పుస్తకంలో ఉంది, లాగినవాళ్ళ పేర్లు ఏ పుస్తకంలోనూ దొరకలేదు మేడం. అంతవరకు చెప్పి, ఇంకేదో చెప్పబోయి మానుకుని లోపలికి పోయేవాడు. నేను పిండిన చీర చేతిలో పట్టుకుని తరువాత ఏమైందని అడగబోతే తలుపు మూసి ఉండేది.

బడి నుంచి రాగానే కాళ్ళు కడుక్కోవడం ఇంకో తంతు. ఇటుకముక్కతో మడమలు ఎర్రబడేదాకా రుద్దేవాడు. "పెండ్లికొడుకును జేస్తున్నరా సారూ?" అని అత్తమ్మ ఎత్తిపొడిస్తే సిగ్గుపడి లుంగీ కిందికి లాక్కునేవాడు. మధ్యాహ్నం పూట గుట్టల్లో తూటాలు పేల్చేముందు ఈల వేసేవాళ్ళు. సెలవు రోజుల్లో ఆ ఈల వినబడగానే సారు చెబుతున్న మాట ఆపి అటువైపే చూసేవాడు. ఢామ్మని పేలి, మా కిటికీ రెక్కలు అదిరి, మళ్ళీ అంతా సద్దుమణిగాకే మిగతా మాట చెప్పేవాడు. చదువుకున్న మనిషికి ఇంత పిరికితనమేమిటా అనుకునేవాళ్ళం.

ఆ గుట్టల్లో పనిచేసే కూలీ ఆడవాళ్ళు పొద్దున్నే మా నల్లా దగ్గరికి మంచినీళ్ళకి వచ్చేవాళ్ళు. చాలామంది పాలమూరు వాళ్ళే. చీర మీద మగవాళ్ళ చొక్కాలు తొడుక్కుని, నెత్తికి బట్ట చుట్టుకుని వచ్చేవాళ్ళు. అత్తమ్మ వాళ్ళని కాదనేది కాదు. గేటు లోపలికి మాత్రం రానిచ్చేది కాదు. వాళ్ళ బిందె ఆవిడ ముట్టుకోదు, నన్నూ ముట్టుకోనిచ్చేది కాదు. ఇంటి అలవాటు అలా ఉండేది. నేను దాని గురించి మంచిగానీ చెడుగానీ ఆలోచించలేదు.

వాళ్ళలో ఒకామె పొడుగాటి మనిషి, ఎముకల గూడు. అందరికన్నా ముందొచ్చి అందరూ పోయాక పోయేది. బిందె నిండేదాకా మిగతావాళ్ళు కబుర్లు చెప్పుకుంటుంటే ఈమె గేటు ఊచల మధ్య నుంచి లోపలికి చూస్తుండేది. ఆ వేళకు సారు గది తలుపు ఎప్పుడూ వేసే ఉండేది.

"గా అర్రల ఎవలుంటరమ్మా?" అని ఒకరోజు నన్నడిగింది.

"సారు ఉంటడు. బళ్ళె చెప్తడు."

"మంచోడేనా?"

"మంచోడే. నీకెందుకు?"

"ఉత్తగనే అడిగిన తల్లీ. తెల్లగ అంగీలు ఆరేస్తడు గదా, మంచిగనిపించింది." తరువాత బిందె ఎత్తబోతూ, "జర చెయ్యేస్తవా?" అంది. నిండు బిందెని ఒక్కరే నెత్తికెత్తుకోలేరు, ఇంకొకరు చెయ్యి కలపాలి. నేను వినబడనట్టు లోపలికి వచ్చేశాను. ఆమె ఎవరో దారినపోయే మనిషిని పిలిచి ఎత్తించుకుంది.

ఆ ఏడు బడిలో ఎగ్జిబిషన్ పెడతామన్నారు. కంప్యూటర్ కంపెనీల వాళ్ళ పిల్లలు చేరుతున్నారు, వాళ్ళ తల్లిదండ్రులు కార్లేసుకుని చూడటానికి వస్తారు, సైన్సు సారు రాకెట్టు చేస్తున్నాడు. సోషల్ సారుకు ఏమీ లేదు. అట్లాసు పటాలు గోడకు అంటించుకోమన్నారట. ఆ మాట ఆయనకి బాగా తగిలింది. ఒక ఆదివారం సంచిలో ఏదో దాచుకుని వచ్చి, అత్తమ్మ లేకుండా చూసి నన్ను పిలిచాడు.

"మేడం, మీ దగ్గర పాత ప్లాస్టిక్ టబ్బు ఉందాండి? కొంచెం సాంబ్రాణి కూడా కావాలండి."

సంచిలో ఒక కోడి. ఈకలు పీకించాడు గానీ కాళ్ళు అలాగే ఉంచాడు. పక్కన సీసాలో ఈతకల్లు. నేను ముక్కు మీద వేలేసుకున్నాను. "పార్టీనా సారూ?"

"పార్టీ కాదండి, మమ్మీ అండి." కళ్ళు మెరిసిపోతున్నాయి. "వాళ్ళ దేశంల గూడ ఈతచెట్లసుంటియి ఉంటయట మేడం, గా కల్లుతోనే పీనుగను లోపల కడిగిండ్రట..." ఆగాడు. గొంతు సవరించుకున్నాడు. "అక్కడి వారు శరీరాన్ని లోపల కల్లుతో శుభ్రం చేసేవారటండి. తరువాత ఉప్పులో పెట్టేవారండి. వాళ్ళకి ఆ ఉప్పు ఎండిన చెరువుల్లో దొరికేది. మనం రాళ్ళ ఉప్పూ తినే సోడా కలిపితే సరిపోతుంది."

కడుపు కోసి, కల్లుతో కడిగి, లోపలా బయటా ఉప్పుసోడా కూరి, టబ్బులో పూడ్చిపెట్టాడు. నేను లవంగాలు, దాల్చినచెక్క ఇచ్చాను. ఇంత మసాలా కూరి పొయ్యి ఎక్కించకుండా పడుకోబెట్టడం మా వంశంలో లేదని అన్నాను. ఆయన నవ్వాడు. "అమ్మగారికి చెప్పకండి మేడం, వాసనంటారు. ఎగ్జిబిషన్ రోజు అందరికీ ఒకేసారి చూపిస్తానండి." ఉప్పు తడిసి ముద్దయిపోయినప్పుడల్లా తీసేసి కొత్తది పోయాలట. అందుకని మాటిమాటికీ మూల మీది కిరాణా కొట్టుకు పరిగెత్తేవాడు.

అక్కడ పుట్టింది తంటా. ఆ బడి పుణ్యమా అని అప్పటికే మా వీధిలో పిల్లలంతా అమ్మని మమ్మీ అనడం మొదలుపెట్టారు. కొట్టు సేటుకు మమ్మీ అంటే అమ్మే. ఆ మాటకి ఇంకో అర్థముంటుందని ఆయనకెవరు చెబుతారు? తరువాత మా వాకిట్లో నిలబడి ఆయనే చేతులు తిప్పుతూ చెప్పిన సంగతి ఇది.

"గింత ఉప్పు ఏం జేస్కుంటవ్ సారూ అంటే, మమ్మీకండి అన్నడు. తల్లి ఊరికెల్లి వచ్చిందేమో, కాళ్ళు వాచినయేమో, ఉప్పునీళ్ళల్ల పెడుతున్నడేమో అనుకున్న. నాలుగొద్దులైనంక మల్ల ఉప్పుకొచ్చిండు. మమ్మీకెట్లున్నది సారూ అన్న. బాగుందండి, నీరంతా లాగేసింది అన్నడు. మంచిదే, వాపు దిగింది అనుకున్న. నిన్న మల్ల వచ్చిండు. తెల్లబట్ట, సాంబ్రాణి అడిగిండు. మమ్మీ ఎట్లుందంటే, పూర్తిగా ఎండిపోయిందండి, వాసన గూడ వస్తలేదు, రేపు బట్ట చుట్టేస్తే అయిపోతది అన్నడు. నవ్వుకుంట అన్నడు అక్కా, నవ్వుకుంట!"

సేటు ఆ ముక్క చెప్పేసరికి వాకిలి నిండిపోయింది. ఆదివారం కదా, అందరూ ఇళ్ళల్లోనే ఉన్నారు. అత్తమ్మ ముఖం పాలిపోయింది. ఆవిడకి ఒక్కొక్కటీ గుర్తొస్తున్నాయి. మొదట్లో ఆ గది నుంచి వచ్చిన వాసన. వేసే ఉండే తలుపు. ఎన్నాళ్ళైనా రాని తల్లి. సంచిలో కల్లు సీసా చూశామని ఇంకెవరో అన్నారు.

నేను ముందుకొచ్చి, "అది తల్లి కాదు, ఈజిప్టు మమ్మీ" అన్నాను.

"ఈజిప్టు పోయిందా వాళ్ళమ్మ?" అంది అత్తమ్మ. "మస్కట్ దిక్కేనా అది?"

"పోలేదత్తమ్మా, అది ఉట్టి..."

"మరి మోకాళ్ళ నొప్పులని చెప్పిండు గదా, ఈజిప్టుకెట్ల పోయింది?"

నా మాట ఎవరికీ పట్టలేదు. మా ఆయన, సేటు వెళ్ళి తలుపు కొట్టారు. సారు సగం గడ్డం గీసుకుని, సబ్బు నురుగుతో తలుపు తీశాడు. మంచం కింద నుంచి రేకు పెట్టె లాగుతుంటే అడ్డం పడ్డాడు. "వద్దండి, కట్టు ఇంకా ఆరలేదండి, పాడైపోతుందండి" అన్నాడు. ఆ మాట విని బయట ఆడవాళ్ళు బావురుమన్నారు.

పెట్టెలోంచి తీసిన మూటని వాకిట్లో పెట్టారు. తెల్లటి పట్టీలు, గంజి పెట్టి బిగించినవి, ఒకదాని మీద ఒకటి ఎంత ఒద్దికగా చుట్టాడో. పురుటి బిడ్డంత ఉంది. సాంబ్రాణి వాసనేస్తోంది. "అయ్యో, పసిగుడ్డు!" అని ఎవరో కేక పెట్టారు. సేటు ధైర్యం చేసి ఒక కొస పట్టుకుని లాగాడు. పట్టీ తరువాత పట్టీ ఊడిపోతుంటే సారు చూడలేక ముఖం తిప్పుకున్నాడు. చివరకు బట్టలోంచి ఒక కోడికాలు, గోళ్ళతో సహా బయటకి పొడుచుకొచ్చింది.

అందరూ మెడలు సాచి ఆ కాలి వైపు వంగారు. తరువాత వాకిలంతా నవ్వు. సేటు అరుగు మీద కూలబడి కళ్ళనీళ్ళు పెట్టుకుని నవ్వాడు. సారు కూడా నవ్వాడు, చెంప మీద నురుగు ఎండిపోయి ఉండగా. నేనూ నవ్వాను. ఇక గండం గడిచిందనుకున్నాను.

అత్తమ్మ నవ్వలేదు.

"సరే, కోడే" అంది. "మరి మీ అమ్మేది?"

సారు నవ్వు ఆగింది. "వస్తారండి. కంటి ఆపరేషన్..."

"ఇగ రాదు తియ్యి. తల్లి పేరు జెప్పి అర్ర తీసుకున్నవ్. గిప్పుడు ఊరంతా నా వాకిట్ల నిలవడ్డది. ఊరి పేరు జెప్పు, నా కొడుకు జీపు మాట్లాడ్తడు. పొద్దుమూకేవరకు తీసుకొస్తడు. ఆమెను నా కండ్లకు చూపెట్టు, నువ్వు ఎన్నేండ్లన్న ఉండు."

"వద్దండి."

"ఎందుకొద్దు? ఉన్నదా, లేదా?"

అందరూ ఆయన వైపే చూస్తున్నారు. జనంలో ఆయన దగ్గర చదివే పిల్లల తల్లులున్నారు. ఆయన బనీను మీద ఉన్నాడు, కాళ్ళకి చెప్పుల్లేవు. గొంతు సవరించుకున్నాడు.

"లేరండి. మా మదర్ చనిపోయారండి."

అన్న తరువాత తలెత్తాడు. గేటు అవతల నీళ్ళకొచ్చిన ఆడవాళ్ళు ఊచలు పట్టుకుని తమాషా చూస్తున్నారు. ముందు వరసలో ఆ పొడుగాటి మనిషి, చంకలో బిందెతో. సారు ముఖంలో నెత్తురు చుక్క లేదు. నాకు అప్పుడు ఏమీ అర్థం కాలేదు. అబద్ధం బయటపడుతుందని భయపడుతున్నాడనుకున్నాను.

"ఇప్పటిదాంక వస్తది వస్తది అంటివి" అన్నాడు సేటు. "గిప్పుడు సచ్చిపోయిందంటే ఎట్ల నమ్మాలె?"

గేటు అవతల నుంచి మాట వచ్చింది.

"నిజమేనయ్యా. గా సారుది మా ఊరే. వాళ్ళవ్వ సచ్చిపోయింది. నాకెర్కే. నేనే దగ్గరుండి తానం బోయించిన."

పాలధర చెప్పినంత మామూలుగా అంది. ఇక ఎవరు అనుమానిస్తారు? అత్తమ్మ మెత్తబడిపోయింది. ఆవిడది ఎంత కరకు మాటో అంత జాలి గుండె. "అయ్యో కొడుకా, ముందుగాల జెప్పద్దా? తల్లి లేని పిలగానివంటే నేనేమన్న ఎల్లగొడ్తుంటినా? అర్ర పోతదని గింత పరేషాన్ అయితివా?" అని కళ్ళొత్తుకుంది. నన్ను సారుకు చాయ్ పెట్టుకురమ్మంది. జనం ఒక్కొక్కరే కదిలారు. సేటు కోడిని మళ్ళీ బట్టలో చుట్టబోయి, చేతకాక పెట్టె మీద పెట్టి పోయాడు.

నేను చాయ్ గ్లాసుతో వచ్చేసరికి నల్లా దగ్గర మిగతా ఆడవాళ్ళు నీళ్ళు పట్టుకుని వెళ్ళిపోయారు. ఆమె ఒక్కతే ఉంది. బిందె నిండి పొర్లుతోంది. నల్లా కట్టేసి, ఎత్తేవాళ్ళ కోసం అటూ ఇటూ చూసింది. వీధిలో ఎవరూ లేరు. నేను గేటు ఇవతల ఉన్నాను. ఈసారి ఆమె నన్ను అడగలేదు.

సారు అరుగు దిగాడు. ఈలోగా ముఖం కడుక్కుని ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. గేటు తీసుకుని బయటికెళ్ళి, ఆమె నెత్తి మీద చుట్టబట్ట వంకర సరిచేసి, బిందె రెండు చేతులతో ఎత్తి పెట్టాడు. ఎవరూ చెప్పకుండానే బరువు కుదిరేదాకా ఒక అరచెయ్యి అడుగున ఆన్చి ఉంచాడు. చిన్నప్పటి నుంచి చేసిన పని అది, చూస్తేనే తెలిసిపోతుంది. నీళ్ళు తొణికి చొక్కా ముందుభాగమంతా తడిసిపోయింది.

"అంగి తడుస్తది, దూరం జరుగు రా" అందామె.

మెల్లగానే అంది. కానీ ఆ "రా" నాకు వినబడింది. కూలికొచ్చిన మనిషి బడి సారుని రా అనదు. పదిమందిలో "గా సారు" అన్న మనిషి, కొడుకు చొక్కా తడిసేసరికి మరిచిపోయింది. అత్తమ్మకీ వినబడింది. అరుగు మీద నుంచి లేచింది.

"ఏమన్నవే?"

"ఏమనలే పటేలమ్మా. సారును జరుగుమన్న." గబగబా నడిచి వీధిలో పడింది.

అత్తమ్మ మళ్ళీ కూర్చుంది. నా చేతిలో గ్లాసు కాలుతోంది గానీ దించే జాగా తోచలేదు. ఇన్నాళ్ళూ ఆమె మా గేటుకొచ్చింది నీళ్ళ కోసమే కాదని, కొడుకు అక్కడున్నాడని తెలిసి వచ్చి చూసుకుని పోతోందని, మేము ఆమెని గేటు బయటే నిలబెట్టామని అంతా ఒక్కసారే తెలిసింది. ఆయన గదిలోకి ఆమే రానన్నదో, ఆయనే రావద్దన్నాడో ఈనాటికీ నాకు తెలియదు. ఏదైనా, వాళ్ళిద్దరికీ అంత భయం మా వాకిలిని చూసే పుట్టింది. ఆయన సిగ్గుపడ్డాడు, సరే. మేము ఎవరిని చూసుకుని ఒక తల్లికి సిగ్గు నేర్పాం? ఆ సాయంత్రమే ఎవరో ఒకతను రిక్షా తెచ్చి సారు సామాను తీసుకుపోయాడు. సారు రాలేదు. బడికి కూడా మళ్ళీ పోలేదని తరువాత తెలిసింది. అత్తమ్మ బతికున్నంత కాలం ఆ సంగతి ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఆ పొద్దున ఆమె వీధిలో పడ్డాక, ఆ తడి చొక్కాతో ఆయన కాసేపు గేటు బయటే నిలబడ్డాడు. తరువాత ఆయన కూడా కదిలాడు. చెప్పులు వేసుకోలేదు. గోడ అడ్డం వచ్చి ఇద్దరూ కనబడలేదు, మాటలు మాత్రం వినబడ్డాయి.

"సచ్చిపోయిన్నని జెప్పినంక మల్ల ఎంటవడి వస్తవేంది? వాళ్ళు జూస్తున్నరు. పో, లోపటికి పో!"

ఆమె గొంతులో కోపం లేదు. కొడుకు పట్టుబడిపోతాడన్న కంగారే ఉంది.

"ఆగే అవ్వా" అంటున్నాడు సారు. "జర ఆగవే అవ్వా."

ఆమె ఆగినట్టు లేదు. ఆ పిలుపు వీధి చివరిదాకా వినబడుతూనే ఉంది.